నారింజ తొక్క వేసిన బీర్లు: రుచి చూసి మార్కులు వేద్దాం, గ్లాసుకి ముక్క గుచ్చకుండా

కొండగాలి (డెన్వర్)
ఈ వారాంతం మా ఇంట్లో కొందరు మిత్రులం కూర్చుని నారింజ తొక్క వేసిన బీర్లు వరసగా రుచి చూడబోతున్నాం. అన్నీ బెల్జియన్ విట్, అంటే తెల్ల గోధుమ బీరు తరహావే. గోధుమ, నారింజ తొక్క, దనియాలు ఈ మూడూ ఉండాల్సిందే. బల్ల మీదకి వచ్చేవి హోగార్డెన్, సెయింట్ బెర్నార్డస్ విట్, అలగాష్ వైట్, బ్లూ మూన్, ఏవరీ వైట్ రాస్కల్, జపాన్ నుంచి హిటాచినో నెస్ట్ వైట్ ఏల్.

ఒక షరతు ముందే చెప్తున్నాను. గ్లాసు అంచుకి ఆరెంజ్ ముక్క పెట్టం. బ్రూవరీ వాళ్లు మరిగే గిన్నెలో వేసిన తొక్కకి మనం మార్కులు వేస్తున్నాం. పైన తాజా పండు పిండితే ఆ మార్కులు పండుకే పోతాయి.

మార్కులు బీజేసీపీ (బీర్ జడ్జిలకి గుర్తింపు ఇచ్చే సంస్థ) పద్ధతిలో 50కి. వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. సీసాలు మాకు కనిపించకుండా మా ఆవిడ వంటింట్లో పోసి, గ్లాసులకి నంబర్లు అంటించి తెస్తానంది. మీ దగ్గర దొరికేవాటితో మీరూ వేయండి. అన్నీ ఇక్కడే పెడదాం.

లూవెన్_బాటసారి
మంచి పని మొదలుపెట్టారండీ. హోగార్డెన్ ఊరు మాకు దగ్గరే, తీనెన్ పక్కన. ఈ తరహా బీరు ఈరోజు ప్రపంచమంతా దొరుకుతోంది కానీ 1950ల్లో ఆ ఊళ్లో చివరి బ్రూవరీ కూడా మూతపడింది. అందరూ లాగర్‌కి (చల్లగా పులియబెట్టే బీరు) మళ్లిపోయారు. పియెర్ సెలిస్ అనే పాలవ్యాపారి, కుర్రతనంలో ఆ బ్రూవరీలో చేయి సాయం చేసినవాడు, 1960ల మధ్యలో మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు మనం "విట్ అంటే ఇలా ఉండాలి" అని అనుకుంటున్నదంతా ఆయన చేతి రుచే.

1985లో ఆయన బ్రూవరీ కాలిపోయింది. మళ్లీ కట్టడానికి పెద్ద కంపెనీ డబ్బు తీసుకోవాల్సి వచ్చింది, మెల్లగా పగ్గాలు వాళ్ల చేతికి పోయాయి. ఆయన అమెరికా వెళ్లి 1990ల మొదట్లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో సెలిస్ వైట్ అనే విట్ తీశాడు. తర్వాత సెయింట్ బెర్నార్డస్ వాళ్ల విట్ తయారీలోనూ ఆయన చేయి ఉంది. 2011లో పోయారు. కాబట్టి మీ బల్ల మీద హోగార్డెన్, సెయింట్ బెర్నార్డస్ రెండూ ఒకే మనిషి ఆలోచన. పక్కపక్కన పెట్టి తాగండి, తేడా ఎంతుందో నాకూ చెప్పండి.

ఇంకో మాట. 2005లో హోగార్డెన్ తయారీని ఆ ఊరి నుంచి బెల్జియంలోనే ఉన్న జుపీల్‌కి మార్చేస్తామని కంపెనీ ప్రకటించింది. ఊళ్లో పెద్ద గొడవ జరిగింది. 2007లో ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. ఒక బీరు తన ఊళ్లోనే ఉండాలని జనం అంత పట్టుబట్టడం నాకు చాలా నచ్చింది.

జూబ్లీ_చెక్‌పోస్ట్ (హైదరాబాద్)
అన్నా, మాకు సీసాల్లో దొరికేవి హోగార్డెన్, బిరా 91 వైట్. బిరా 2015లో వచ్చినప్పుడు మొదట బెల్జియంలోనే తయారుచేయించి తెచ్చారు. చేదు బాగా తక్కువ, నిమ్మజాతి వాసన పల్చగా ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నానికి బాగానే సరిపోతుంది. నేను 29 వేస్తాను. తొక్క కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

మైక్రోబ్రూవరీలు (అక్కడే బీరు చేసి అమ్మే పబ్బులు) వచ్చాక ఇక్కడ దాదాపు ప్రతి చోటా ఒక విట్ ఉంటోంది. కొన్ని చోట్ల నిజంగా బాగుంటుంది. కానీ గచ్చిబౌలి వైపు ఒక చోట ఇచ్చింది తాగితే నోటినిండా ఆరెంజ్ చాక్లెట్ వాసన. దనియాల జాడ లేదు, చేదు లేదు. గ్లాసు సగానికి వచ్చేసరికి మొహం మొత్తేసింది. అది తొక్కా, ఎసెన్సా? రుచిలో ఎలా కనిపెట్టాలి?

కాపర్_గిన్నె (ఆస్టిన్, ఇంట్లో బ్రూ చేస్తాను)
జూబ్లీ తమ్ముడూ, దీనికి నేను చెప్తాను.

తొక్కలో రెండు పొరలు. పైన రంగున్న పొరలో నూనె తిత్తులుంటాయి, అందులో ఎక్కువ భాగం లిమొనీన్ అనే వాసన పదార్థం. కింద తెల్లగా మెత్తగా ఉండేది చేదుకి మూలం. అసలు తొక్క వేసిన బీరులో ఈ రెండూ వస్తాయి. ముక్కుకి నూనె వాసన, మింగాక నాలుక వెనక సన్నటి ఎండు చేదు. ఎసెన్స్‌లో మొదటిది మాత్రమే ఉంటుంది, అదీ ఒకే గొంతుతో. మింగిన తర్వాత ఏమీ మిగలదు, లేకపోతే తీపి మిగులుతుంది. కాబట్టి వాసన చూసి తేల్చకు. మింగాక కాస్త ఆగి చూడు.

ఇంకొకటి. లిమొనీన్ తొందరగా ఆవిరైపోతుంది. అందుకే తొక్కని గంటసేపు మరిగించరు. చివరి 5 నిమిషాల్లోనో, మంట ఆపాకో వేస్తారు. ముందే వేస్తే నూనె గాల్లో కలిసి చేదు ఒక్కటే మిగులుతుంది. మా వాళ్లలో కొత్తగా చేసేవాళ్ల బీరు ఎక్కువగా అక్కడే దెబ్బతింటుంది.

వైజాగ్_అల (చికాగో)
నేను ఆ షరతుకి ఒప్పుకోను. బ్లూ మూన్‌ని 1995లో మీ డెన్వర్‌లోనే, కూర్స్ ఫీల్డ్ స్టేడియంలోని చిన్న బ్రూవరీలో కీత్ విల్లా తయారుచేశాడు. బెల్జియంలో బ్రూయింగ్ చదివి వచ్చినవాడు. హోగార్డెన్ తరహాలో చేదు తొక్క కాకుండా తియ్యటి వలెన్సియా రకం నారింజ తొక్క వేశాడు, ఓట్స్ కలిపాడు. ఆరెంజ్ ముక్కతో ఇవ్వాలని పట్టుబట్టిందీ ఆయనే. చేసినవాడే ముక్కతో తాగమని చెప్పినప్పుడు, అది తీసేసి మార్కులు తగ్గించడం న్యాయం కాదు. ముక్క ఆ బీరులో భాగమే. పెరుగన్నంలో ఆవకాయ తీసేసి చప్పగా ఉందంటే ఎలా?

పైగా గ్లాసు నోటి దగ్గరికి తెచ్చేలోపే ఆ ముక్క వాసన కొడుతుంది. మొదటి గుక్కకి నోరు సిద్ధమవుతుంది. పబ్బులో తాగేవాడికి ముఖ్యం అదే కదా.

కొండగాలి
వైజాగ్ గారూ, తాగడానికి కాదనడం లేదు. మీ ఇష్టం. మార్కులు వేసేటప్పుడు మాత్రం వద్దంటున్నాను. ఆరు గ్లాసులకీ ఒకే పండు ముక్కలు పెడితే ఆరింట్లోనూ వాసన ఒకటే అయిపోతుంది. ఇక పోలిక ఎక్కడ?

కాపర్_గిన్నె
ఒక సంగతి కూడా ఉంది. ముక్క తొక్కలోని నూనె నురగని చంపేస్తుంది. విట్‌కి తెల్లటి దట్టమైన నురగ ముఖ్యం. వాసన పట్టి ఉంచేది అదే. ముక్క పడిన రెండు నిమిషాలకి గ్లాసు చూడండి, అంచున గీత తప్ప ఏమీ ఉండదు. బ్రూవరీ వాడు గోధుమా ఓట్సూ వేసి కష్టపడి తెచ్చిన నురగ అది.

కృష్ణాతీరం (పోర్ట్‌లండ్, మెయిన్)
నేను మార్కుల గురించి చెప్పాలి. స్థానిక పోటీల్లో కొన్నాళ్లుగా జడ్జిగా కూర్చుంటున్నాను. నారింజ బీరు అనగానే అందరూ నారింజ ఎంత గట్టిగా ఉంటే అన్ని మార్కులు వేస్తారు. విట్‌లో అది తప్పు. బీజేసీపీ వివరణలో ఆల్కహాల్ 4.5 నుంచి 5.5 శాతం, చేదు 8 నుంచి 20 ఐబీయూ (బీరు చేదుని కొలిచే లెక్క), రంగు లేత గడ్డి రంగు. చల్లగా, పల్చగా, చురుగ్గా ఉండాల్సిన బీరు. తొక్క, దనియాలు, ఈస్ట్ తెచ్చే మిరియాల లాంటి ఘాటు, గోధుమ పిండి మెత్తదనం అన్నీ కలిసిపోవాలి. ఇది తొక్క, ఇది దనియా అని విడదీసి చెప్పగలిగేంత వేరుగా ఉంటే నేను రుచిలో కనీసం నాలుగు మార్కులు తీసేస్తాను.

దనియాలు కూడా చూడండి. పాతబడినవో, ఎక్కువైనవో వేస్తే సెలెరీ ఆకు వాసన, ఇంకా చెప్పాలంటే హ్యామ్ వాసన వస్తుంది. చాలామంది దాన్ని తొక్క మీదకి నెట్టేస్తారు. సబ్బు వాసన వచ్చినా ముందు అనుమానించాల్సింది దనియాల్నే.

తేదీ చూడకుండా ఏ సీసా కొనకండి. ఈ బీరు వైన్ కాదు. దాచిపెడితే ముందు పోయేది తొక్క వాసనే, తర్వాత తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. మా దగ్గర ఒక షాపులో వెలుగు పడే కిటికీ పక్కనే పేర్చి పెడతారు. అక్కడ నేను బీరు కొనడం మానేశాను.

జూబ్లీ_చెక్‌పోస్ట్
అయితే మా దగ్గర ఓడెక్కి వచ్చే హోగార్డెన్‌కి మార్కులు వేయడం కూడా అన్యాయమేనా మేడమ్?

కృష్ణాతీరం
వేయండి, కానీ తేదీ పక్కన రాయండి. అప్పుడు మీ మార్కులు, లూవెన్ గారి మార్కులు చూసి ప్రయాణం ఎంత తినేసిందో తెలుస్తుంది. నిజానికి మీకు మంచి మైక్రోబ్రూవరీ దొరికితే అదే మేలు. ట్యాంకు నుంచి నేరుగా వస్తుంది. బెంగళూరు వెళ్తే టాయిట్‌లో టిన్‌టిన్ ఉంటుంది, విట్ తరహాదే. తాగి చూడండి.

గోధుమపాలు (డెట్రాయిట్)
మధ్యలో వస్తున్నాను. మా మిషిగన్‌లో బెల్స్ ఓబరాన్ అంటే ప్రాణం పెడతారు. వసంతం వచ్చిందంటే ప్రతి బార్‌లో అదే, ఆరెంజ్ ముక్కతో. మీ జాబితాలో అది లేకపోతే ఎలా?

కృష్ణాతీరం
ఓబరాన్ మంచి బీరు, కానీ ఈ జాబితాలోకి రాదండీ. అందులో తొక్క లేదు, దనియాలు లేవు. అది అమెరికన్ గోధుమ ఏల్, అంటే లాగర్ కంటే వెచ్చగా పులియబెట్టే రకం. ఆ పండు వాసనంతా హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) నుంచి, వాళ్ల ఈస్ట్ నుంచి వస్తుంది. బార్ వాళ్లు పెట్టే ముక్క వల్లే అందరికీ అది నారింజ బీరు అయిపోయింది. కొండగాలి గారి షరతుకి ఇంతకంటే మంచి కారణం ఉండదు.

కొండగాలి
నిన్న రాత్రి కూర్చున్నాం. ముందు లెక్క, తర్వాత మాటలు. నలుగురి సగటు:

సెయింట్ బెర్నార్డస్ విట్ 43, అలగాష్ వైట్ 42, ఏవరీ వైట్ రాస్కల్ 38, హిటాచినో 37, హోగార్డెన్ 36, బ్లూ మూన్ 32.

మొదటి రెండింటి గురించే ఎక్కువ చెప్పాలి. సెయింట్ బెర్నార్డస్ గ్లాసు ఎత్తగానే తొక్క కొట్టదు. ముందు మెత్తటి గోధుమ, కొంచెం తేనె, ఆ వెనక దనియా. తొక్క మింగిన తర్వాత వస్తుంది. పండు తొక్కని గోరుతో గిచ్చినప్పుడు చిమ్మే నూనె వాసన ముక్కు వెనకనుంచి పైకి వస్తుంది, ఆ తర్వాత సన్నటి చేదు నోటిని శుభ్రం చేసేస్తుంది. మళ్లీ గుక్క తాగాలనిపిస్తుంది. 5.5 శాతం ఉన్నా బరువు తెలియలేదు.

అలగాష్ వైట్ దానికంటే ఎండుగా, చురుగ్గా ఉంది. 1995లో రాబ్ టాడ్ ఆ బ్రూవరీ పెట్టినప్పుడు మొదట తీసిన బీరు ఇదేనట. కురసావ్ చేదు తొక్క, దనియాలు. మాలో ఇద్దరు దీనికే ఎక్కువ వేశారు. కృష్ణాతీరం గారు అన్న "విడదీసి చెప్పలేని" కలయిక ఇందులో దొరికింది. ఏది ఎక్కడ మొదలైందో ఎవరం చెప్పలేకపోయాం.

వైట్ రాస్కల్‌లో మసాలా కాస్త ముందుకొస్తుంది, 5.6 శాతం. నాకు బాగా నచ్చింది. హిటాచినోలో తొక్కతో పాటు జాజికాయ, నారింజ రసం కూడా ఉంటాయి. మంచి బీరే, కానీ జాజికాయ తొక్కని పక్కకి నెడుతోంది. హోగార్డెన్ తేలిక, 4.9 శాతం. దనియా బాగుంది, తొక్క దూరంగా వినిపిస్తుంది. లూవెన్ గారూ, ఒకే మనిషి ఆలోచన అన్నారు కదా, ఎముకలు ఒకటే అనిపించింది. కండ మాత్రం సెయింట్ బెర్నార్డస్‌లో ఎక్కువ.

బ్లూ మూన్‌లో తీపి ఎక్కువ. తొక్క ఉంది, స్పష్టంగా ఉంది, కానీ చేదు లేకపోవడంతో ముగింపు లేదు.

లూవెన్_బాటసారి
హోగార్డెన్‌కి 36 తక్కువే. సీసా అడుగున ఉన్న ఈస్ట్ పోశారా? మూడొంతులు పోశాక సీసాని చేత్తో గుండ్రంగా తిప్పి మిగతాది పోయాలి. ఆ మబ్బు రాకపోతే మెత్తదనం రాదు. ఎంత చల్లగా తాగారు? మంచు పట్టిన గ్లాసులో తాగితే తొక్క నోరు విప్పదు. నేను ఫ్రిజ్ లోంచి తీసి పది నిమిషాలు ఆగుతాను.

ఇక్కడ కేఫ్‌లలో నిమ్మ ముక్క వేసి ఇచ్చే అలవాటు కూడా ఉంది. అడిగితే మానేస్తారు. నేను అడుగుతాను.

కొండగాలి
ఈస్ట్ పోశామండీ. అన్నీ 6 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి వేడెక్కేకొద్దీ మళ్లీ మళ్లీ వాసన చూశాం. మీ దగ్గర తాజాది వేరేగా ఉంటుందేమో కానీ మా బల్ల మీద 36 నిలిచింది.

వైజాగ్_అల
బ్లూ మూన్‌కి 32 చూసి ఊరుకోలేకపోయాను. మా ఇంట్లో చేసి చూశాను. బ్లూ మూన్, అలగాష్ రెండూ రెండేసి గ్లాసులు, ఒకదానికి ముక్క, ఒకదానికి లేదు. అలగాష్‌లో ముక్క నిజంగానే అడ్డు. చేదు, దనియా రెండూ వెనక్కి పోయాయి. బ్లూ మూన్‌లో మాత్రం ముక్కతోనే బాగుంది. ఆ తీపికి తాజా తొక్క నూనె కాస్త పదును ఇస్తోంది. కాబట్టి నా మార్కులు బ్లూ మూన్ ముక్కతో 36, లేకుండా 32. రెండూ రాసుకోండి. వేడి వేడి చేపల వేపుడుతో అయితే నేను ముక్కతో బ్లూ మూనే ఎంచుకుంటాను, ఆ కారానికి తీపి కావాలి.

లూవెన్_బాటసారి
ఇక్కడ ఆల్చిప్పలు ఉడికించడానికి కూడా వైట్ బీరు పోస్తారు, ఉల్లి, సెలెరీతో. తొక్క చేదు ఆ ఉప్పుని బాగా పట్టుకుంటుంది. రొయ్యల వేపుడుకి సెయింట్ బెర్నార్డస్ తెరిచి చూడండి.

చీనీతోట (అనంతపురం, ప్రస్తుతం బెంగళూరు)
మా ఇంట్లో చీనీ తోట ఉంది, బయట బత్తాయి అంటారు. రసం తీశాక తొక్కంతా దిబ్బలోకే పోతుంది. ఇన్ని పోస్టులు చదివాక ఆ తొక్కని చూసే తీరే మారిపోయింది. మన బత్తాయి తొక్క, దబ్బకాయ తొక్క ఈ బీరుకి పనికొస్తాయా? కురసావ్ తొక్క అంటే అసలు ఏమిటి?

కాపర్_గిన్నె
కురసావ్ కరీబియన్ దీవి. స్పెయిన్ వాళ్లు అక్కడ సెవిల్ నారింజ నాటారు. ఆ ఎండకి, పొడి నేలకి పండు తినలేనంత చేదైపోయింది, తొక్క మాత్రం ఘుమఘుమలాడింది. దాన్ని లరాహా అంటారు. ఆ తొక్కతోనే కురసావ్ లికర్ చేస్తారు. ఇప్పుడు బ్రూయింగ్ షాపుల్లో "చేదు నారింజ తొక్క" అని అమ్మేదంతా ఆ దీవి నుంచే రావాలని లేదు, ఆ జాతి చేదు నారింజ అయితే చాలు.

బత్తాయి తీపి నారింజ జాతి. తొక్కలో తీపి వాసన ఎక్కువ. వలెన్సియా తొక్క పని చేసే చోట అదీ చేయాలి. దబ్బకాయ తొక్క వాసన వేరే దారి, నిమ్మ వైపు వెళ్తుంది. నేనైతే చాలా కొద్దిగా వేస్తాను.

మీరు ఇంట్లో చేయకండి, అక్కడ లైసెన్సు లేకుండా చట్టం ఒప్పుకోదు. అమెరికాలో 1978 చట్టం తర్వాత ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా అనుమతి ఉంది, అందుకే నేను చేయగలుగుతున్నాను. బెంగళూరులో మైక్రోబ్రూవరీ బ్రూవర్లు బోలెడుమంది ఉన్నారు. ఒక బుట్ట తొక్క పట్టుకెళ్లి అడగండి. మైనం పూయని, మందు కొట్టని కాయలది తీసుకెళ్లండి. తెల్ల పొర తగలకుండా పై రంగు వరకే సన్నగా గీకాలి. నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే నూనె పోతుంది.

దనియాలు మాత్రం మనవే వాడమనండి. మన దనియా కోలగా, పెద్దగా ఉంటుంది, వాసనలో నారింజ ఛాయ ఉంటుంది. ఇక్కడ విట్ చేసేవాళ్లలో చాలామంది గుండ్రటి యూరప్ దనియాలు వదిలేసి ఇండియన్ షాపుకి వెళ్లి కొనుక్కుంటారు. పొడి కొనొద్దు, గింజలు కొని అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచాలి.

గోధుమపాలు
ఎంత వేయాలి? అందరూ తలా ఒక లెక్క చెప్తున్నారు.

కాపర్_గిన్నె
19 లీటర్లకి ఎండు చేదు తొక్క 20 గ్రాములు, దనియాలు 20 గ్రాములు. అక్కడ మొదలుపెట్టండి. తాజాగా గీకిన తియ్యటి తొక్క అయితే మూడు కాయలది. సగం పిల్స్‌నర్ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన లేత రంగు బార్లీ), సగం దగ్గరగా మొలకెత్తించని గోధుమ, కొద్దిగా ఓట్స్. ఈస్ట్ విట్ రకమే వాడాలి, మామూలు ఏల్ ఈస్ట్‌తో ఆ మిరియాల ఘాటు రాదు. తొక్క చాలలేదనిపిస్తే పులిసిన తర్వాత కొద్ది వోడ్కాలో నానబెట్టిన తొక్క రసం చుక్కలుగా కలుపుకోవచ్చు. ముందే ఎక్కువ వేస్తే తీయడానికి దారి లేదు.

ఈసారి ఒకే వోర్ట్‌ని (ఇంకా పులియని మాల్ట్ రసం) రెండు గిన్నెల్లోకి పంచి, ఒకదాంట్లో ఎండు చేదు తొక్క, ఇంకోదాంట్లో తియ్యటి తాజా తొక్క వేశాను. మిగతాదంతా సమానం. నిన్న తెరిచాం. తియ్యటిది మొదటి గుక్కలో గెలిచింది, గ్లాసు అయిపోయేసరికి చేదుది గెలిచింది. మా ఆవిడ తియ్యటిదే మేలంటోంది, వాదన నడుస్తోంది. నేను చేదుదానికి 39, తియ్యటిదానికి 35 వేశాను.

కృష్ణాతీరం
రెండూ సగం సగం కలిపి చూశారా? చాలా బ్రూవరీలు చేసేది అదే.

కాపర్_గిన్నె
ఇంకా లేదండీ. సీసాలున్నాయి, ఈ శనివారం కలుపుతాను.

చీనీతోట
ఇందిరానగర్‌లో ఒక బ్రూవర్ ఒప్పుకున్నాడు! వచ్చే కోతకి తొక్క తెమ్మన్నాడు, చిన్న బ్యాచ్ చేస్తాడట. గీకి, నీడలో ఆరబెట్టి పట్టుకెళ్తాను. బీరు ట్యాంకులోంచి వచ్చిన రోజు జూబ్లీ అన్న బెంగళూరు రావాలి.

జూబ్లీ_చెక్‌పోస్ట్
తప్పకుండా వస్తాను. బస్సులో వస్తా, బండి తీసుకురాను. మార్కుల కాగితం ఎవరైనా తెలుగులో పెడతారా?

కొండగాలి
రాత్రికి పెడతాను. పైన తేదీ, ఊరు, ఎంత చల్లగా తాగారు అని మూడు గళ్లు కొత్తగా కలుపుతున్నాను. వైజాగ్ గారి కోసం ముక్కతో తాగిన మార్కులకి విడిగా ఒక గడి ఉంటుంది, సగటులో మాత్రం అది కలపం.